వంకాయ నీడ

పక్క వాటాలో అద్దెకుండేవాళ్ళ పిల్ల మోక్షిత
ఏడో తరగతి అయిపోయిందని
ఆయిల్ పేస్టల్స్ పెట్టె నా చేతిలో పెట్టి పోయింది.
ఇరవై అయిదని రాసుంది, లెక్కపెడితే పదిహేడు.
నలుపు లేదు.
తెలుపు ఉంది గానీ, దాని ఒళ్ళంతా మిగతా రంగుల మరకలే,
హోలీ నాడు వీధిలో దొరికిపోయిన పంతులుగారిలాగ.

నెల్లిమర్లలో మే నెల.
మిల్లు గేటుకి తాళం పడి మూడో నెల.
వసారాలో గోనెసంచి పరిచి
బుడితి చెంబు పెట్టాను, అత్తవారిచ్చింది, సొట్ట ఇటు తిప్పి.
ఒక జీడిమామిడి పండు, గింజతో సహా.
మూడు వంకాయలు.
ఎవరికీ చెప్పకుండా నేను తెచ్చేసుకున్న పాత షటిల్.

ముప్పై ఒక్క ఏళ్ళు దాని ముందు నిలబడ్డాను.
మగ్గంలో అది అటూ ఇటూ పరిగెడుతుంటే
చప్పుడు తెలుసు, గాలి తెలుసు,
ఒకసారి ఎగిరొచ్చి మోచెయ్యి చీల్చితే బరువూ తెలుసు.
రూపం ఇవాళే చూశాను.
పడవలా ఉంది.
నడుమ ఖాళీగా.

మిల్లు క్యాలెండర్ వెనకవైపు మరీ నున్నన,
రంగు జారిపోతోంది.
కిరాణా కొట్టు అట్ట గరుకుగా పట్టుకుంది.
ఎండకి పుల్లలు మెత్తబడి వంగితే
తడిగుడ్డ చుట్టి మంచినీళ్ళ కుండ పక్కన పడుకోబెట్టాను,
జ్వరమొచ్చిన పిల్లల్ని పెట్టినట్టు.

"వేలితో రుద్దు తాతా, కలిసిపోతాయి" అంది మోక్షిత.
నా వేలిముద్రలు జనుము ఎప్పుడో తినేసింది.
రేషన్ డిపోలో మిషను నన్ను ఒప్పుకోదు,
పది వేళ్ళూ వరసగా పెట్టినా
"మళ్ళీ ప్రయత్నించండి" అంటుంది.
ఇక్కడ మాత్రం పసుపు మీద గోధుమ రుద్దితే
ఒక్క గీత పడలేదు.
చెంబు పొట్ట గుండ్రంగా లేచి నిలబడింది.
సొట్టలో తెల్లపుల్ల మొన ఆనించాను, మెరిసింది.
నేనే ఉలిక్కిపడ్డాను.

మూడో రోజు చిన్నమ్మడు గుమ్మంలో నిలబడింది.
"బొమ్మ అయిపోనాదేటి?"
"ఇంకా నీడలున్నాయే."
"నీడలు నువ్వుంచీసుకో. వంకాయలు నానట్టుకెల్తాను."
తొడిమ దగ్గర ఆకుపచ్చ పోయి ఊదా వచ్చే చోటు
నాకింకా దొరకనే లేదు.
రాత్రి కంచంలో వెతికాను.
ఆవ పెట్టి వండింది. బాగుంది. రంగు మాత్రం లేదు.

రెండు వంకాయలు అప్పటికే గీసేశాను.
మూడోదానికి వట్టి నీడే ఉంది.
నలుపు లేకపోతే నీడెలా అనుకున్నాను గానీ
నీలం మీద గోధుమ, దానిమీద కాస్త ఊదా వేస్తే
నలుపుకన్నా బరువుగా కూర్చుంది.
గోనె పడుగూ పేకా కోసం
విరిగిన సూదితో పైరంగు గీకుతూ వెళ్ళాను,
కిందున్న పసుపు పోగులు పోగులుగా బయటికొచ్చింది.
అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

యూనియన్ గవర్రాజు వచ్చాడు,
ఎల్లుండి మళ్ళీ చర్చలట.
బొమ్మకేసి చాలాసేపు చూసి
"ఈ మూడో నీడ ఎవడిది?" అన్నాడు.
టీ తాగి వెళ్ళిపోయాడు.

మర్నాడు సంతలో చిన్నమ్మడు
అట్టముక్క పక్కన పెట్టుకుని వంకాయలు ఏరిందట,
కొట్టువాడు తిట్టాడట.
ఒక్కటే తెచ్చింది.
గోనె మీద ఆ ఖాళీలో పెట్టి
"సరిపోనాదా, సూడు" అంది.
పొద్దుటి ఎండ ఇంకా ఎదురు గోడ మీదే ఉంది.
అద్దం పెంకులోంచి వెలుగు ఇక్కడికి దిగేది
రెండింటికి, షిఫ్టు మారేవేళకి.
"ఆగాలే" అన్నాను.
గంజి తాగి ఇద్దరం గోడకి ఆనుకుని కూర్చున్నాం.

కూత వెయ్యలేదు.
ఎండ మాత్రం టయానికే వచ్చింది.
ఊదాపుల్ల తీశాను. గోరంత మిగిలింది.